నేలకు పచ్చని వైద్యం

ఉద్దేశం : పరిశ్రమల వ్యర్థాల వలన చెడిపోయిన నేలను మొక్కలు, సూక్ష్మజీవుల సాయంతో బాగుచేసే పద్ధతులను విద్యార్థులకు తెలియజేయడం, నీరునేలలను కాపాడుకోవాలన్న భావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

మామిడితోటలో ఏటా బండ్లకొద్దీ ఆకులు రాలుతాయి. మరుసటి ఏటికి అవి కనిపించవు. పెంటకుప్పలో వేసిన పేడ, ఊక, చెత్త కొన్ని నెలలకు నల్లని ఎరువుగా మారుతుంది. ఆ ఆకులు ఏమవుతాయి? ఆ పేడను ఎరువుగా మార్చేది ఎవరు? కంటికి కనిపించని కూలీలు నేలలో రాత్రింబగళ్ళు పనిచేస్తుంటారు. వారే బాక్టీరియాలు, శిలీంధ్రాలు మొదలైన సూక్ష్మజీవులు. సారవంతమైన మట్టి చిటికెడు తీసుకుంటే అందులో కోట్లకొలది బాక్టీరియాలు ఉంటాయి. చచ్చిన ప్రతిదానినీ అవి విడగొట్టి, మళ్ళీ మొక్కకు ఆహారంగా అందిస్తాయి. అందుచేత మట్టిని ప్రాణం లేని పదార్థం అనుకోవడం పొరపాటు.

నేలతల్లి అన్నిటినీ తనలో కలుపుకొంటుందని పెద్దలు అంటారు. ఆ మాట నిజమే. అయితే ఆ శక్తికి కూడా ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. పాలారు నదీతీరమే అందుకు సాక్ష్యం.

పాలారు అంటే పాలయేరు. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం సీమను తాకి, తమిళనాడులో ప్రవేశించి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటల మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. దీని పొడవు 348 కిలోమీటర్లు. చిత్తూరు జిల్లా కొండలలో పుట్టిన కౌండిన్య నది గుడియాత్తం పట్టణాన్ని ఒరుసుకొంటూ వచ్చి పాలారులో కలుస్తుంది. తెలుగువారు రాయవేలూరు అని పిలుచుకొనే వేలూరులోను, చేనేతకు, అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుపొందిన గుడియాత్తంలోను, చుట్టుపట్ల పల్లెలలోను తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. పాలారులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. కాని ఆ ఇసుక కింద నీరు ఉండేది. ఊటబావుల నుండి, కాలువల నుండి వచ్చే ఆ నీటితో కొబ్బరి, వరి, చెరకు, వేరుసెనగ పండేవి.

ఈ నదీతీరంలో మరొక పాత వృత్తి కూడా ఉన్నది. అది తోళ్ళను పదునుచేసే పని. పచ్చితోలు రెండు రోజులలో కుళ్ళిపోతుంది. దానిని పదునుచేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పూర్వం తంగేడు చెక్క, కరక్కాయ మొదలైనవాటిని నానబెట్టిన నీటిలో తోళ్ళను వారాల తరబడి ఉంచి పదును చేసేవారు. 1970ల తరువాత విదేశాలకు తయారైన తోలును ఎగుమతి చేయడం పెరిగింది. తక్కువ కాలంలో పని ముగిసే క్రోమియం పద్ధతి విరివిగా వాడుకలోకి వచ్చింది. వాణియంబాడి, ఆంబూరు, పేర్నంబట్టు, రాణిపేట మొదలైన ఊళ్ళలో వందల కర్మాగారాలు వెలిశాయి. వేలమందికి పని దొరికింది. దేశానికి విదేశీ మారకద్రవ్యం వచ్చింది. ఇక్కడ తయారైన తోలుతో కుట్టిన చెప్పులు, బూట్లు దేశదేశాలకు వెళ్ళాయి.

అయితే ఆ కర్మాగారాల వెనుక తలుపు నుండి పారిన నీరు ఎక్కడికి వెళ్ళింది? ఒక కిలోగ్రాము తోలు తయారు కావడానికి సుమారు 35 లీటర్ల నీరు అవసరమయ్యేదని లెక్క. తోలు కుళ్ళకుండా పట్టించిన ఉప్పు మొదటి కడుగులోనే నీటిలోకి దిగుతుంది. వెంట్రుకలు ఊడడానికి వేసిన సున్నం, సల్ఫైడు, ఆ తరువాత క్రోమియం లవణాలు, రంగులు, నూనెలు వరుసగా ఆ నీటిలో కలుస్తాయి. శుద్ధి చేయని ఆ నీరు ఏళ్ళ తరబడి కాలువలలోకి, చెరువులలోకి, పాలారు ఇసుకలోకి పారింది. అక్కడి నుండి బావులలోకి దిగింది.

ముందుగా దెబ్బతిన్నది కొబ్బరితోట. ఆకులు ఎండి, కాయలు చిన్నవైపోయాయి. పొలంలో తెల్లని ఉప్పుపొర తేలింది. బావినీరు నోట పెట్టుకొనే వీలు లేకపోయింది. ఆడవారు మంచినీటికోసం బిందెలతో దూరం నడవవలసి వచ్చింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వేలూరు పరిశోధన కేంద్రం జరిపిన సర్వేలో, తోళ్ళ పరిశ్రమలున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో పంటకు పనికిరాకుండా పోయినట్లు తేలింది.

ఈ అన్యాయాన్ని చూచి వేలూరు పౌరులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. వేలూరు పౌర సంక్షేమ సంఘం 1991లో భారత సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1996 ఆగస్టు 28న న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు రెండు సూత్రాలను ఈ దేశపు చట్టంలో భాగంగా గుర్తించింది. మొదటిది, పర్యావరణానికి తీరని హాని కలిగే అవకాశం ఉన్నప్పుడు శాస్త్రీయమైన రుజువు పూర్తిగా దొరికేదాకా వేచి ఉండక ముందుగానే జాగ్రత్త పడాలి. రెండవది, కాలుష్యం చేసినవారే దానికి వెల చెల్లించాలి. నష్టపోయినవారికి పరిహారం ఇవ్వడంతో వారి బాధ్యత తీరదు. చెడిన నేలను, నీటిని తిరిగి బాగుచేసే ఖర్చును కూడా వారే భరించాలి. వేలూరు పేరు ఆనాటి నుండి న్యాయశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది. నష్టాన్ని లెక్కకట్టడానికి ప్రభుత్వం ఏర్పాటుచేసిన ప్రాధికార సంస్థ 2001లో 29,000 మందికి పైగా బాధితులను గుర్తించింది.

తీర్పు కాలుష్యాన్ని ఆపమని చెప్పగలదు. పరిహారం ఇప్పించగలదు. కాని మట్టిలో ఇంకిన విషాన్ని తీసివేయడం న్యాయస్థానం చేతిలో లేదు. ఆ పని ఎలా చేయాలి?

ఒక మార్గం, చెడిన మట్టినంతా తవ్వి మరొక చోట పూడ్చడం. కొద్దిపాటి స్థలమైతే ఇది సాధ్యమే. వేల హెక్టార్ల పొలాలకు ఇది పనికిరాదు. పైమట్టి పోయాక మిగిలిన పొలంలో పంట పండదు. మరొక మార్గం, మట్టిని రసాయనాలతో కడగడం. దానికి ఖర్చు ఎక్కువ. కడిగిన నీటిని మళ్ళీ శుద్ధి చేయాలి. ఈ చిక్కుల వలన శాస్త్రజ్ఞుల చూపు ప్రకృతి మీదికే మళ్ళింది. ఆకును ఎరువుగా మార్చే సూక్ష్మజీవులు ఈ విషాన్ని కూడా మార్చలేవా? నీటిని పీల్చుకొనే వేరు దానితోపాటు విషాన్ని పీల్చుకోలేదా? ఈ ప్రశ్నల నుండి పుట్టినదే జీవ పరిశుద్ధి విధానం.

ఈ విధానం మొదట నూనె విషయంలో ప్రపంచం దృష్టికి వచ్చింది. పెట్రోలు, డీజిలు, కందెన నూనె ఇవన్నీ కార్బను, హైడ్రోజనులతో ఏర్పడిన పదార్థాలు. వేలూరు మీదుగా పోయే చెన్నై-బెంగళూరు రహదారి పక్కన లారీల మరమ్మతు షెడ్లు చాలా ఉన్నాయి. అటువంటి షెడ్ల దగ్గర నేల నల్లగా, జిడ్డుగా ఉండడం ఎవరైనా చూడవచ్చు. నూనె మట్టిరేణువుల చుట్టూ పొరలా పట్టుకొంటుంది. నీరు లోపలికి ఇంకదు. గాలి ఆడదు. విత్తనం మొలవదు. కాని అదే మట్టిలో కొన్ని బాక్టీరియాలకు నూనె ఆహారం. అవి సబ్బువంటి పదార్థాన్ని విడిచి నూనెను చిన్న చిన్న బిందువులుగా చేస్తాయి. తరువాత తమ ఎంజైములతో ఆ బిందువులను విడగొడతాయి. చివరకు మిగిలేవి ముఖ్యంగా కార్బన్ డయాక్సైడు, నీరు. ఈ పని జరగడానికి వాటికి గాలి, తేమ, నత్రజని, భాస్వరం కావాలి. అన్నం ఒక్కటే పెట్టి కూర లేకుండా కూలిని పనిచేయమంటే ఎలా ఉంటుందో, నూనె ఒక్కటే ఉండి నత్రజని, భాస్వరం లేకపోతే బాక్టీరియాల పని అలా ఉంటుంది. అందుచేత నూనె పడిన మట్టిని తిరగదున్ని, తడిపి, ఎరువు వేస్తారు. ఇది రైతుకు తెలిసిన పనే.

పశ్చిమ బెంగాలులో పుట్టిన శాస్త్రజ్ఞుడు ఆనందమోహన్ చక్రవర్తి 1970ల తొలినాళ్ళలో అమెరికాలో పనిచేస్తూ ఒక కొత్త ప్రయోగం చేశారు. నూనెలోని వేర్వేరు భాగాలను తినే వేర్వేరు బాక్టీరియాల గుణాలను ఒకే బాక్టీరియాలో చేర్చారు. ఒక జీవికి పేటెంటు ఇవ్వవచ్చునా అనే వివాదం చెలరేగింది. 1980 జూన్ 16న అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. తయారుచేసిన జీవిని ఆరుబయట వదలడంపై సందేహాలు ఉండడంతో అది సముద్రంలో వాడుకలోకి రాలేదు. కాని నూనెను తినే జీవులున్నాయన్న సంగతి లోకమంతటా తెలిసింది.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డేజ్ అనే ఓడ అలాస్కా తీరంలో రాతిమిట్టకు గుద్దుకొన్నది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రంలోకి కారింది. తీరంలోని గులకరాళ్ళపై నత్రజని, భాస్వరం గల ఎరువులు చల్లారు. అక్కడ సహజంగా ఉన్న బాక్టీరియాలే పెరిగి నూనెను త్వరగా విడగొట్టాయి. అయితే గాలి అందని లోతులలో చిక్కిన నూనె ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. సూక్ష్మజీవుల శక్తి ఎంతటిదో, దాని హద్దు ఎక్కడ ఉన్నదో ఈ రెండింటినీ అలాస్కా తీరం చూపించింది.

మన దేశంలో ఢిల్లీలోని టెరి సంస్థ శాస్త్రజ్ఞులు నూనెను తినే బాక్టీరియాల మిశ్రమాన్ని తయారుచేశారు. దానికి ఆయిల్‌జాపర్ అని పేరు పెట్టారు. చమురుశుద్ధి కర్మాగారాలలో పేరుకుపోయిన నూనె బురదను శుభ్రం చేయడానికి దీనిని వాడారు. 2017 జనవరి 28న చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని, నూనె తీరమంతా పాకింది. జాలరులు, విద్యార్థులు, తీరరక్షక దళంవారు బకెట్లతో ఆ నల్లని బురదను ఎత్తిపోశారు. అలా పోగుచేసిన బురదను శుద్ధి చేయడానికి కూడా నూనెను తినే బాక్టీరియాలనే ఉపయోగించారు.

పాలారు నేలలోని క్రోమియం సంగతి వేరు. నూనెను విడగొట్టవచ్చు. క్రోమియం ఒక మూలకం. ఏ బాక్టీరియా అయినా దానిని తిని లేకుండా చేయలేదు. మరి సూక్ష్మజీవులు ఏమి చేయగలవు? క్రోమియానికి నేలలో ముఖ్యంగా రెండు రూపాలుంటాయి. ఆరు సంయోజకత గల క్రోమియం నీటిలో సులభంగా కరుగుతుంది. నీటితోపాటు బావికి చేరుతుంది. శరీరంలోని కణాలలోకి చొరబడుతుంది. క్యాన్సరును కూడా కలిగించగలదు. మూడు సంయోజకత గల క్రోమియం సామాన్యమైన నేలలో నీటిలో అంతగా కరగదు. మట్టిని పట్టుకొని ఉంటుంది. దాని విషం చాలా తక్కువ. కొన్ని బాక్టీరియాలు మొదటి రూపాన్ని రెండవ రూపంగా మార్చగలవు. అనగా తిరుగుతున్న దొంగను పట్టి కూర్చోబెట్టినట్లు అవుతుంది. వేలూరులోని వి.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇంకా పలు సంస్థల పరిశోధకులు తోళ్ళ వ్యర్థాల నుండే క్రోమియాన్ని తట్టుకొనే సూక్ష్మజీవులను వేరుచేసి వాటి శక్తిని పరీక్షించారు. విషంలో పుట్టి పెరిగిన జీవులే విషానికి విరుగుడు నేర్చుకొన్నాయన్నమాట. పశువుల ఎరువు, కంపోస్టు నేలలో కలిపితే ఈ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. కుళ్ళిన సేంద్రియ పదార్థం ఆ బాక్టీరియాలకు బలాన్నిస్తుంది.

మొక్కలు చేసే పనులు మూడు విధాలు. మొదటిది, వేళ్ళు విషాన్ని పైకి లాగి ఆకులలో, కాండంలో దాచుకోవడం. 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు ఒక రకం ఫెర్న్ మొక్కలో ఈ గుణాన్ని కనుగొన్నారు. కొయ్యకు పట్టించే మందుతో చెడిన నేలలో అది ఆరోగ్యంగా పెరిగింది. దాని ఎండుటాకులలో 2 శాతానికి పైగా ఆర్సెనిక్ చేరినట్లు తేలింది. 1986లో అణుప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర ఒక చెరువులో తెప్పలపై పొద్దుతిరుగుడు మొక్కలు పెంచి, వాటి వేళ్ళ ద్వారా రేడియోధార్మిక పదార్థాలను నీటి నుండి తీసే ప్రయోగాలు 1990లలో జరిగాయి.

రెండవది, విషాన్ని ఉన్నచోటనే కట్టిపెట్టడం. క్రోమియం విషయంలో చాలా మొక్కలు దానిని వేళ్ళలోనే ఉంచుకొంటాయి. ఆకులకు కొద్దిగానే పంపుతాయి. వట్టివేళ్ళ గడ్డి ఇందుకు మంచి ఉదాహరణ. వేసవిలో తడికెలకు, కుండనీటి సువాసనకు వాడే ఆ వేళ్ళే నేలలోకి మూడు నాలుగు మీటర్ల లోతుకు దిగి మట్టిని వలలా పట్టుకొంటాయి. గాలికి దుమ్ము లేవదు. వానకు మట్టి కోసుకుపోదు. విషం ఒక పొలం నుండి మరొక పొలానికి వెళ్ళదు.

మూడవది, సూక్ష్మజీవులకు ఇల్లు కట్టి ఇవ్వడం. వేరు నేలలోకి చక్కెరలు, ఆమ్లాలు మొదలైనవాటిని విడుస్తుంది. వేరు చుట్టూ ఉన్న పలుచని మట్టిపొరలో బాక్టీరియాల సంఖ్య మిగిలిన మట్టిలో కంటె ఎన్నోరెట్లు ఎక్కువగా ఉంటుంది. వేరు వెళ్ళిన దారిలో గాలి కూడా వెళుతుంది. నూనెతో చెడిన నేలలో గడ్డిజాతి మొక్కలను పెంచడానికి కారణం ఇదే. గడ్డివేళ్ళు దట్టంగా అల్లుకొని మూలమూలకూ బాక్టీరియాలను చేరుస్తాయి.

పాలారు నేలకు క్రోమియం కంటె విస్తారంగా పట్టిన జబ్బు ఉప్పు. ఉప్పులోని సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు విడిపోయి నేల గట్టిపడుతుంది. నీరు ఉన్నా మొక్క దానిని పీల్చుకోలేదు. చౌడునేలను బాగుచేయడానికి జిప్సం వేసి, నీరు కట్టి, జీలుగు చల్లి పూతకు ముందు కలియదున్నడం తెలుగు రైతులకు తెలిసిన పద్ధతి. తమిళనాడులోని అణ్ణామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక మార్గం చూపారు. సముద్రతీరంలో ఉప్పునేలలో పెరిగే సుయేడా, సెసూవియం అనే మొక్కలను ఉప్పు పట్టిన నేలలో పెంచి చూశారు. నాలుగు నెలలలో హెక్టారుకు సుయేడా సుమారు 500 కిలోలు, సెసూవియం సుమారు 470 కిలోల ఉప్పును తీయగలవని 2007లో ప్రకటించారు. ఆ మొక్కలను కోసి తీసివేస్తే వాటితోపాటు ఉప్పు కూడా పొలం దాటిపోతుంది.

ఈ వైద్యానికి పథ్యం కూడా ఉన్నది. మొదటి పథ్యం, విషం పీల్చిన మొక్కను పశువులకు మేపరాదు. పొయ్యిలో పెట్టరాదు. దానిని జాగ్రత్తగా వేరుచేసి భద్రపరచాలి. లేకపోతే మట్టిలోని విషం పాలలోకి, పొగలోకి చేరుతుంది. రెండవది, అటువంటి నేలలో ఆకుకూరలు, దుంపలు పండించరాదు. కలప, నార వంటి తినని పంటలే వేయాలి. మూడవది, ఓర్పు. నూనె పడిన నేల తేరుకోవడానికి నెలలు, ఏళ్ళు పడతాయి. లోహం చేరిన నేలకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. నాలుగవది, వేరు వెళ్ళగలిగిన లోతుకే మొక్క వైద్యం పనిచేస్తుంది. విషం మరీ ఎక్కువగా ఉన్నచోట మొక్క బతకనే బతకదు.

రాణిపేటలో ఇటువంటి చోటు ఒకటి ఉన్నది. అక్కడ 1970ల నడుమ నుండి సుమారు ఇరవై ఏళ్ళపాటు క్రోమియం రసాయనాలు తయారుచేసిన తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే కర్మాగారం 1990లలో మూతపడింది. ఒకటిన్నర లక్షల టన్నులకు పైగా వ్యర్థం అక్కడే గుట్టగా మిగిలింది. ఆరు సంయోజకత గల క్రోమియం అందులో నుండి వానకు కరిగి భూగర్భజలంలోకి దిగింది. తాగేనీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాముకు మించి క్రోమియం ఉండరాదని భారత ప్రమాణం చెబుతుంది. అక్కడి భూగర్భజలం ఈ హద్దును ఎన్నోరెట్లు దాటింది. 2006లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రకటించిన ప్రపంచంలోని పది అత్యంత కలుషిత ప్రదేశాలలో రాణిపేట ఒకటి. ఇటువంటి గుట్టకు గడ్డి నాటితే చాలదు. ముందుగా వ్యర్థాన్ని వాననీరు తాకకుండా కప్పి భద్రపరచాలి. చుట్టుపట్ల పలుచగా పాకిన విషానికే మొక్కలు, సూక్ష్మజీవులు పనికివస్తాయి. పుండు లోతైనదైతే పసరు కట్టి ఊరుకోకుండా శస్త్రచికిత్స చేయించడం వంటిదే ఇది.

అసలు విషాన్ని నేలకు చేరనివ్వకపోవడమే ఉత్తమం. చేతులు కాలాక ఆకులు పట్టుకొంటే ఏమి లాభం? ఈ దిశలో జరిగిన కృషిని తలచుకొనేటప్పుడు ఒక తెలుగు శాస్త్రజ్ఞుని తలచుకోవాలి. గుంటూరు జిల్లా యలవర్రు గ్రామంలో 1922లో రైతుకుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, 1948లో చెన్నైలో స్థాపించబడిన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా పనిచేశారు. తక్కువగా చూడబడిన తోలుపనికి శాస్త్రంలో గౌరవస్థానం కల్పించారు. పరిశోధన ప్రయోగశాల గోడలు దాటి పల్లెకు చేరాలని తపించారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన కన్నుమూశారు. ఆ సంస్థ తరువాతి కాలంలో వాడిన క్రోమియాన్ని తిరిగి పట్టుకొనే పద్ధతులను, క్రోమియం పట్టించే దశలో నీరు కలపనక్కరలేని పద్ధతిని రూపొందించింది. కర్మాగారాలు కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలను నెలకొల్పాయి.

అయినా అప్రమత్తత తగ్గితే ముప్పు ఎలా వస్తుందో 2015 జనవరిలో తెలిసింది. రాణిపేటలోని ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రంలో బురద నిలవచేసిన తొట్టి గోడ కూలింది. నిద్రిస్తున్న పదిమంది కార్మికులు ఆ బురదలో ప్రాణాలు కోల్పోయారు. కాలుష్యం మొదట పేదవాని గుమ్మమే తొక్కుతుంది. బావి చెడిన రైతు, ఆ బావి చెడడానికి కారణమైన కర్మాగారంలోనే కూలికి పోవలసి రావడం ఈ నేలలోని విషాదం. అందుచేత తోలుపని ఉండాలా, పొలం ఉండాలా అని తగవు పెట్టుకొంటే ఇద్దరూ నష్టపోతారు. పని నిలవాలి, నీరూ నిలవాలి. ఆ రెండింటినీ నిలబెట్టే ఖర్చును లాభం పొందిన పరిశ్రమాధిపతులు భరించాలి.

2025 జనవరి 30న సర్వోన్నత న్యాయస్థానం పాలారు కాలుష్యంపై మరొకసారి తీర్పు చెప్పింది. బాధితులందరికీ పరిహారం అందాలని, నదిని, నేలను బాగుచేసే పనిని పర్యవేక్షించడానికి విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడాలని ఆదేశించింది. మొదటి తీర్పుకూ దీనికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆనాడు బడికి వెళ్ళిన పిల్లల పిల్లలు నేడు అదే బడికి వెళుతున్నారు.

చెడగొట్టడానికి పట్టిన కాలం కంటె బాగుచేయడానికి పట్టే కాలం ఎక్కువ. ఆ పనికి న్యాయమూర్తి, శాస్త్రజ్ఞుడు, అధికారి, రైతు అందరూ కావాలి. ఎరువు కలిపిన చౌడునేలలో జీలుగు మొలకెత్తిన రోజున, కంటికి కనిపించని కూలీలు మళ్ళీ పనిలోకి దిగారని తెలుసుకోవచ్చు. వారికి గాలి, నీరు, ఎరువు అందించి, కొత్త విషం పోయకుండా చూడడమే మనిషి చేయవలసిన పని.

అర్థాలు

వ్యర్థం = పనికిరాక పారవేసినది
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు జాతికి చెందిన జీవి
ధర్మాసనం = న్యాయమూర్తులు తీర్పు చెప్పే పీఠం
పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే ధనం
చౌడునేల = ఉప్పు, క్షారం పట్టిన నేల
సేంద్రియ పదార్థం = జీవుల నుండి వచ్చిన పదార్థం
పథ్యం = వైద్యంలో పాటించవలసిన నియమం
అప్రమత్తత = ఏమరుపాటు లేకుండడం

ప్రశ్నలు

అ) ఒక్కొక్క వాక్యంలో జవాబు వ్రాయండి.
1. కౌండిన్య నది ఏ పట్టణాన్ని ఒరుసుకొంటూ ప్రవహిస్తుంది?
2. వేలూరు పౌర సంక్షేమ సంఘం ఏ సంవత్సరంలో న్యాయస్థానాన్ని ఆశ్రయించింది?
3. నూనెను తినే బాక్టీరియాలకు నూనెతోపాటు ఇంకా ఏమేమి కావాలి?

ఆ) ఐదారు వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. 1996 తీర్పులోని రెండు సూత్రాలను వివరించండి.
2. నూనెతో చెడిన నేలకు, క్రోమియంతో చెడిన నేలకు సూక్ష్మజీవులు చేసే మేలులో గల భేదం ఏమి?
3. 'ఈ వైద్యానికి పథ్యం కూడా ఉన్నది' అనడంలో గల ఉద్దేశం ఏమి?

ఇ) పదిహేను వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. చెడిన నేలను బాగుచేయడంలో మొక్కలు చేసే మూడు విధాల పనులను ఉదాహరణలతో వివరించండి.

వ్యాకరణం

1. కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి : సర్వోన్నత, పరిశ్రమాధిపతులు, ఏమవుతాయి.
2. కింది పదాలకు విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి : నదీతీరం, నీరునేలలు, నాలుగు నెలలు.
3. 'చేతులు ముడుచుకొని కూర్చోవడం', 'చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం' అనేవాటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి.

చేసి చూడండి

రెండు కుండీలు తీసుకోండి. రెండింటిలోను తోటమట్టి నింపండి. ఒకదానికి రోజూ మంచినీరు, రెండవదానికి గ్లాసుకు ఒక చెంచా ఉప్పు కలిపిన నీరు పోయండి. రెండింటిలోను అలసందలు చల్లండి. పదిహేను రోజులపాటు చూచినది నోటుపుస్తకంలో వ్రాయండి. ఉప్పునీరు పోసిన కుండీకి తరువాత ఎరువు కలిపి, మంచినీరు పోస్తూ, మళ్ళీ మొలక రావడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కించి తరగతిలో చదివి వినిపించండి.